బ్లాగుల్లో మంచి కవిత, మంచి కథ, మంచి బొమ్మ వెతికి పట్టుకోవడం ఎలా?

రాత్రి పనులన్నీ ముగించుకుని ఒక మంచి కవితో చిన్న కథో చదువుకుందామని టంబ్లరో మీడియమో తెరుస్తారు. గంట గడిచిపోతుంది. వేలు తెర మీద జారుతూనే ఉంటుంది. ఒకే విరహాన్ని ఇరవై మంది ఇరవై రకాల అక్షరాల్లో పెట్టి ఉంటారు. ఎవరు గీశారో తెలియని బొమ్మలు, సగంలో ఆగిపోయిన నవలలు, బతకడం ఎలాగో చెప్పే సూక్తులు వరసగా వస్తాయి. ఫోను పక్కన పెట్టేసరికి ఒక్క వాక్యమైనా మనసులో నిలవదు. ఇక్కడ రాయగలిగినవాళ్లే లేరన్న నిరాశ మిగులుతుంది.

రాయగలిగినవాళ్లు ఉన్నారు. ఏళ్ల తరబడి బ్లాగులు చదువుతున్నాను. అచ్చులో ఎక్కడా ఎదురుపడని కవితలు, ఏ సంకలనంలోకీ ఎక్కని కథలు నాకు అక్కడే దొరికాయి. అవి తమంతట తాము ముందుకు రావు. వాటి దగ్గరికి వెళ్లే దారి మనం నేర్చుకోవాలి. నాకు పనికొచ్చిన దారిని మీ ముందు పెడుతున్నాను. ఓపిక ఉంటే నెల రోజుల్లో మీ చేతిలో ఒక మంచి జాబితా తయారవుతుంది.

ముందుగా, మంచిది ఎందుకు కనబడదో తెలుసుకోండి

2006లో సైన్స్ పత్రికలో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగాన్ని వివరించారు. పెద్దగా ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని అంతర్జాలంలో పెట్టారు. 14 వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి పాటలు మాత్రమే కనబడ్డాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో ఆ లెక్క కూడా కనబడేలా చేశారు. లెక్క కనబడిన గుంపుల్లో కొన్ని పాటలు విపరీతంగా పైకి లేచాయి, మిగతావి అడుగున పడ్డాయి. ఏ పాట లేస్తుందన్నది మాత్రం గుంపు గుంపుకూ మారిపోయింది. చాలా మంచి పాట పూర్తిగా మునిగిపోవడం అరుదు, చాలా నాసిరకం పాట నెగ్గడమూ అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగవచ్చునని తేలింది.

ఈ ఫలితాన్ని బ్లాగులకు అన్వయించి చూడండి. ఒక కవిత కింద యాభై వేల హృదయాలు (నచ్చిందని పాఠకులు నొక్కే గుర్తులు) కనబడితే, మొదటి వందమంది ఎవరన్నది అందులో పెద్ద పాత్ర వహించి ఉంటుంది. అంతే మంచి కవిత ఇంకొకటి, మొదటి గంటలో ఎవరి కంటా పడక, పదకొండు దగ్గర ఆగిపోయి ఉంటుంది. వేదిక నడిపేవాళ్లు మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టాలనుకుంటారు కాబట్టి, ఇప్పటికే కదులుతున్నదాన్నే ఇంకా కదిలిస్తారు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పొల్లు గాలికి ఎగిరి దూరంగా పడుతుంది, గింజ కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. దూరంగా నిలబడినవాడి మొహాన పడేది పొల్లే. గింజ కావాలంటే కళ్లం దాకా నడవాలి.

ఏం కావాలో కాగితం మీద రాసుకోండి

"మంచి కవితలు" అని వెతికితే ఏ యంత్రమూ మీకు సాయం చేయలేదు. మీకు ఇదివరకు బాగా నచ్చిన మూడు రచనలు తలచుకోండి. వాటిలో ఏం నచ్చిందో ఒక్కొక్క వాక్యం రాయండి. నిడివి ఎంత, ఏ రూపం, ఎవరి గొంతు, ఎలాంటి విషయం. "అమ్మ చనిపోయాక ఇల్లు సర్దడం గురించి, పది పాదాల లోపు, ప్రాస లేకుండా" అన్నంత వివరంగా ఉంటే వెతకడానికి పట్టు దొరుకుతుంది. ఈ కాగితం తర్వాత మారుతుంది, మారాలి కూడా. మొదటి రోజుకు మాత్రం అది తప్పనిసరి.

ఏ రచనకు ఏ వేదిక

ఒక్కో వేదిక పుట్టుకను బట్టి అక్కడ పండేది మారుతుంది. 2007లో మొదలైన టంబ్లర్‌లో బొమ్మలు, చిన్న కవితలు, చిత్రకథలు ఎక్కువ. ఒకరి టపాను ఇంకొకరు తమ బ్లాగులో తిరిగి పెట్టుకునే రీబ్లాగు అక్కడి ప్రాణం. 2012లో వచ్చిన మీడియం వ్యాసాలకు అనువైనది. కాకపోతే అక్కడ కవిత్వం, కథ అనే ట్యాగుల్లోకి (రచన దేని గురించో చెప్పే చీటీల్లాంటి మాటలు) వెళ్లినా రాసి సంపాదించడం ఎలాగన్న సలహాలే చాలాసార్లు ఎదురవుతాయి. అందుకని ట్యాగులు వదిలి, సంపాదకులు ఉన్న ప్రచురణలను పట్టుకోండి. ఒక మనిషి చదివి, ఎంచి, వేసిన రచనలు అక్కడ ఉంటాయి. 2017లో మొదలైన సబ్‌స్టాక్‌లో ఉత్తరాల్లా, ధారావాహికల్లా రాసేవాళ్లున్నారు. ధారావాహిక నవలలకు వాట్‌ప్యాడ్ ఉంది. ఇదివరకే ఉన్న పాత్రలతో అభిమానులు రాసే కథలకు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఆ చోటు 2019లో హ్యూగో పురస్కారం అందుకుంది.

1999 నాటి బ్లాగర్, 2003 నాటి వర్డ్‌ప్రెస్ పాతబడిపోయాయని చాలామంది అటు తొంగిచూడరు. నా అనుభవంలో నిలకడగా, ఎవరి మెప్పుకూ తొందరపడకుండా రాసేవాళ్లు అక్కడే ఎక్కువ. హృదయాల లెక్క పైన వేలాడని చోట రాసే మనిషి వాక్యం కూడా వేరుగా ఉంటుంది. ఇది నా అభిప్రాయమే, మీరూ పరీక్షించి చూడండి.

ట్యాగుల అరల్లో వెతకడం

వెతుకులాటలో పెద్ద ట్యాగు పెద్ద సంతలాంటిది. కవిత్వం, ప్రేమ, కళ వంటి మాటలతో వెతికితే గోల తప్ప ఏమీ వినబడదు. రెండు పనులు చేయండి.

మొదటిది, రాసేవాళ్లు తమలో తాము వాడుకునే ట్యాగులు తెలుసుకోండి. టంబ్లర్‌లో రచయితల సమూహాన్ని రైట్‌బ్లర్ అంటారు. తమ సొంత బొమ్మలు పెట్టేవాళ్లు ఆర్టిస్ట్స్ ఆన్ టంబ్లర్ అనీ, సొంత కవితలు పెట్టేవాళ్లు ఒరిజినల్ పొయెట్రీ అనీ ట్యాగు చేస్తారు. ఈ మాటలు ఇంగ్లిషులోనే టైపు చేయాలి. ఇలాంటి ట్యాగులో కనీసం "ఇది నేను చేసింది" అన్న ప్రకటన ఉంటుంది, ఎక్కడినుంచో ఎత్తిపెట్టినవి తగ్గుతాయి. ఆపైన మీ కాగితం మీది మాటల్లో ఒకటి జోడించండి. టంబ్లర్ శోధనలో ఒక టపాకు పెట్టిన మొదటి ఇరవై ట్యాగులే లెక్కకు వస్తాయి కాబట్టి, శ్రద్ధగలవాళ్లు అసలు విషయాన్ని ముందే చెబుతారు.

రెండవది, ఫలితాల పైన ప్రసిద్ధమైనవి, తాజావి అని రెండు వరసలు ఉంటే తాజా వరసకు మారండి. పది నిమిషాలు దానిలోనే చదవండి. చాలా భాగం చప్పగా ఉంటుంది, నిజమే. కానీ అందులో ఇంకా ఎవరూ ముట్టని టపాలుంటాయి, ఆ పదకొండు హృదయాల కవిత ఉండేది కూడా అక్కడే.

కాలం కూడా ఒక ట్యాగే. ప్రతి ఏప్రిల్‌లో రోజుకొక కవిత రాసే ఆనవాయితీ 2003లో అంతర్జాలంలో మొదలైంది. అక్టోబరులో రోజుకొక సిరాబొమ్మ గీసే ఇంక్‌టోబర్ 2009 నుంచి సాగుతోంది. ఆ నెలల టపాలు వెతికితే ఒకే మనిషి ముప్పై రోజుల పని ఒకచోట దొరుకుతుంది. మొదటి వారం ఉత్సాహంతో అందరూ బాగానే చేస్తారు. ఇరవయ్యో రోజు తర్వాతి పని చూడండి. ఉన్న సరుకంతా అయిపోయాక కూడా ఏదో ఒకటి తవ్వి తీయగలిగినవాళ్లు అక్కడ బయటపడతారు.

వేదిక లోపలి శోధన బలహీనంగా ఉంటే బయటినుంచి రండి. గూగుల్‌లో ఇంగ్లిషులో సైట్ అని రాసి, పక్కనే రెండు చుక్కలు (:) పెట్టి, ఖాళీ వదలకుండా వేదిక చిరునామా ఇచ్చి, తర్వాత మీ మాటలు రాస్తే ఆ వేదికలోనే వెతుకుతుంది. ఉద్ధరణ చిహ్నాల్లో పెట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్న పుటలు వస్తాయి. బిఫోర్, ఆఫ్టర్ అన్న మాటల్ని కూడా అలాగే రెండు చుక్కలతో, సంవత్సరంతో వాడితే కాలం హద్దులు పెట్టవచ్చు. నేను తరచు పదేళ్ల కిందటి హద్దు పెట్టి వెతుకుతాను. ఇప్పటి సందడి ఏదీ లేని, మరిచిపోయిన మంచి బ్లాగులు అలా తేలుతాయి.

అంకెలను చదవడం

అంకెలను నమ్మకండి అని చెప్పి వదిలేయడం సులువు. అవి ఏం లెక్కపెడుతున్నాయో తెలిస్తే కొంత పనికొస్తాయి. మీడియంలో ఒకే పాఠకుడు ఒక వ్యాసానికి యాభై చప్పట్లు కొట్టవచ్చు. అంటే వెయ్యి చప్పట్లు ఇరవై మందివే కావచ్చు. టంబ్లర్‌లో నోట్స్ అని కనబడే అంకెలో ఇష్టాలు, రీబ్లాగులు, జవాబులు అన్నీ కలిసి ఉంటాయి. అందుకే అంకెను నొక్కి లోపల విడివిడిగా చూడండి. ఇష్టాల కంటే రీబ్లాగులకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒకరు దాన్ని తమ ఇంటి గోడ మీద పెట్టుకున్నారన్నమాట.

వాట్‌ప్యాడ్‌లో పైన కనబడే మొత్తం ప్రతి భాగం చదువరుల లెక్కనూ కూడుకుంటూ పోయినది. నలభై భాగాల నవలకు లక్ష ఉందంటే లక్షమంది చదివారని కాదు. అక్కడ చూడవలసింది భాగాల మధ్య తేడా. మొదటి భాగం తర్వాత చాలామంది దిగిపోవడం ఎక్కడైనా సహజం. అయిదో భాగం నుంచి చివరిదాకా లెక్క పెద్దగా తగ్గకపోతే, ఎక్కినవాళ్లు దిగలేదన్నమాట. ఆ నవల తెరవండి. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో మెచ్చుకోలు ఒక ఖాతాకు ఒక కథకు ఒక్కటే కాబట్టి ఆ అంకె కొంత నిజాయితీగలది. అయినా పాత కథలకూ, అభిమానులు ఎక్కువున్న పాత్రలకూ అది సహజంగానే పెరుగుతుంది. అక్కడ నిడివి, భాష, తేదీ, దాచుకున్నవారి లెక్క, ఇలా ఎన్నో జల్లెడలు ఉన్నాయి, కథలకు పెట్టిన ట్యాగులను స్వచ్ఛంద కార్యకర్తలు చేతితో సరిచూసి ముడివేస్తారు. రచనలను ఇంత శ్రద్ధగా సర్దిన చోటు నేను వేరే చూడలేదు.

అసలు మెలకువ: చదివేవాళ్లను వెతకడం

ఇంతవరకూ చెప్పినవన్నీ చేసి ఆగిపోతే చేతికి నాలుగు రచనలు దొరుకుతాయి. నలభై దొరకాలంటే వెతికే వస్తువు మార్చాలి. మంచి రచయిత నెలకు ఒకటో రెండో రాస్తాడు. మంచి పాఠకుడు వారానికి పది మంచివి చదివి, అందులో రెండు తన బ్లాగులో పెడతాడు. అలాంటి పాఠకులు అయిదుగురు దొరికితే మీ తరఫున అయిదుగురు వెతుకుతున్నట్టే.

ఇలా చేయండి. మీకు నిజంగా నచ్చిన ఒక్క టపా తీసుకోండి, అంకె పెద్దగా లేనిదైతే మేలు. వేలమంది మెచ్చినదాని కింద మీ అభిరుచిగల మనిషిని గుర్తుపట్టలేరు. ముప్పైమంది మెచ్చినదాని కింద గుర్తుపట్టగలరు. నోట్స్ తెరిచి, రీబ్లాగు చేసినవాళ్లలో ఏదైనా మాట రాసినవాళ్లను చూడండి. టంబ్లర్‌లో ఒక అలవాటు ఉంది. చాలామంది తమ అసలు స్పందనను టపా కింద రాయరు, తాము చేసిన రీబ్లాగు ట్యాగుల్లో గొణుక్కున్నట్టుగా రాస్తారు. "మూడో పాదం దగ్గర ఆగిపోయాను", "ఆ తలుపు వర్ణన రెండుసార్లు చదివాను" వంటివి అక్కడ దొరుకుతాయి. ఫలానా చోట ఫలానాది నచ్చింది అన్నవాళ్లే మీకు కావలసిన పాఠకులు. "అబ్బా, ఎంత బాగుంది" అన్నవాళ్లను దాటి వెళ్లండి.

అలాంటి ఇద్దరు ముగ్గురి బ్లాగులు తెరవండి. వాళ్లు పెట్టిన చివరి ముప్పై టపాల్లో మీకు నచ్చినవి అయిదో ఆరో ఉంటే అది బంగారం లాంటి బ్లాగు, అనుసరించండి. అక్కడ నచ్చిన ఒక టపా పట్టుకుని మళ్లీ దాని నోట్స్‌లోకి వెళ్లండి. ఇలా మూడు మెట్లు దిగేసరికి పేర్లు తిరిగి తిరిగి ఎదురవుతాయి. ఒకరినొకరు చదువుకునే చిన్న గుంపు బయటపడుతుంది. ప్రతి వేదికలోనూ ఇలాంటి గుంపులు పదుల సంఖ్యలో ఉంటాయి, బయటివాళ్లకు వాటి ఉనికే తెలియదు. నాకు దొరికిన మంచి రచనల్లో ఎక్కువభాగం ఇలా మూడో మెట్టు మీద దొరికినవే.

టంబ్లర్ కాని చోట్ల మెట్లు వేరే పేర్లతో ఉంటాయి. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో కథ దాచుకునేటప్పుడు దాన్ని ఇతరులకు సిఫారసు చేస్తున్నట్టు గుర్తు పెట్టే వీలుంది, కింద కారణం కూడా రాయవచ్చు. కథ నచ్చగానే అది దాచుకున్నవాళ్ల జాబితా తెరిచి, కారణం రాసినవాళ్ల మిగతా గుర్తులు చదవండి. సబ్‌స్టాక్‌లో రచయితలు తాము చదివే ఇతర రచయితలను సిఫారసు చేసే వరస ఉంటుంది. అయితే పరస్పరం ఇచ్చిపుచ్చుకునే సిఫారసులు అక్కడ ఉండవచ్చు, ఒకవైపే ఉన్న సిఫారసుకు ఎక్కువ బరువు ఇవ్వండి. పాత వర్డ్‌ప్రెస్, బ్లాగర్ పుటల పక్కన "నేను చదివేవి" అని ఒక లంకెల వరస ఉంటుంది. సగం లంకెలు తెగిపోయి ఉంటాయి, మిగతా సగం కోసం ఓపిక పట్టండి. వ్యాఖ్యలు రాసినవాళ్ల పేర్లు నొక్కినా వాళ్ల సొంత బ్లాగులకు దారి దొరుకుతుంది. ఒక రచయిత కింద శ్రద్ధగా వ్యాఖ్యలు రాసే మనిషి తానూ ఎక్కడో రాస్తూనే ఉంటారు, చాలాసార్లు ఇంకా బాగా.

ఈ పనికి వారానికి ఒకసారి అరగంట చాలు. ఆ అరగంటలో చదవడం పెట్టుకోకండి, పేర్లు మాత్రం సేకరించండి. వెతకడం, చదవడం రెండూ కలిస్తే రెండూ చెడతాయి.

పేరు పోయిన బొమ్మకు మూలం పట్టుకోవడం

నచ్చిన బొమ్మ కింద పేరు లేకపోతే అది రీబ్లాగు కాదు, దించి మళ్లీ ఎక్కించినదని అర్థం. సంతకం ఉన్న అంచును కత్తిరించి పెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. వారం పాటు గీసిన మనిషికి ఒక్క పాఠకుడూ దక్కడు, ఎత్తిపెట్టినవాడికి వేలమంది దక్కుతారు. మనకూ నష్టమే, ఎందుకంటే ఆ చేతి నుంచి వచ్చిన మిగతా వంద బొమ్మలూ మనకు అందవు.

బొమ్మను దించుకుని, అదే బొమ్మ ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే టిన్‌ఐలో గానీ గూగుల్ బొమ్మల శోధనలో గానీ ఇవ్వండి. టిన్‌ఐ ఫలితాలను పాతవి ముందు వచ్చేలా, పెద్ద పరిమాణం ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. అత్యంత పాతది, అత్యంత పెద్దది ఒకేచోట కలిస్తే చాలాసార్లు అదే మూలం. అంచులు పూర్తిగా ఉన్న ప్రతిని వెతకండి, సంతకం అక్కడ ఉంటుంది. కవితకైతే మధ్యలోంచి ఒక విలక్షణమైన పాదాన్ని ఉద్ధరణ చిహ్నాల్లో పెట్టి వెతకండి. మొదటి పాదం వద్దు, దాన్ని అందరూ ఎత్తి రాస్తారు కాబట్టి ఫలితాలు గుమిగూడుతాయి.

బ్లాగును పరీక్షించడం

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. బ్లాగు విషయంలో ఆ సామెత మోసం చేస్తుంది. ఒక్క మంచి కవిత ఎవరికైనా కుదురుతుంది. మూడు మెతుకులు పట్టి చూడండి: అన్నిటికంటే కొత్తది ఒకటి, ఏడాది కిందటిది ఒకటి, అన్నిటికంటే తక్కువ మెప్పు పొందినది ఒకటి. టంబ్లర్‌లో బ్లాగు చిరునామా చివర వాలుగీత పెట్టి ఇంగ్లిషులో ఆర్కైవ్ అని చేరిస్తే టపాలన్నీ నెలలవారీగా చిన్న గళ్లలో పరుచుకుంటాయి. సబ్‌స్టాక్‌లోనూ అదే పనిచేస్తుంది.

మూడోది ముఖ్యం. జనం మెచ్చనిచోట కూడా ఆ మనిషి వాక్యం మీద పని చేశాడా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. నేను చూసేవి కొన్ని ఉన్నాయి. వస్తువులకు పేర్లున్నాయా, లేక అంతా హృదయం, ఆకాశం, నిశ్శబ్దంతోనే గడిచిపోయిందా? చివరి పాదం ముందు చెప్పినదాన్నే విప్పి చెబుతోందా, లేక ఇంకో అడుగు వేస్తోందా? ఏడాది కిందటిదానికీ ఇప్పటిదానికీ తేడా ఉందా? తేడా ఉన్న మనిషిని, ఇప్పుడు కాస్త తడబడుతున్నా సరే, వదలకండి.

యంత్రం రాసినదాని సంగతి ఇక్కడే చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే వైజ్ఞానిక కాల్పనిక పత్రిక, యంత్రాలతో రాయించిన కథలు వెల్లువలా వచ్చి పడడంతో, కొంతకాలం కథలు తీసుకోవడమే ఆపేసింది. సంపాదకులున్న పత్రికకే అలా జరిగితే, ఎవరైనా ఏదైనా పెట్టగల బ్లాగుల సంగతి ఊహించుకోండి. యంత్రరచనను పట్టేస్తామని చెప్పే పరికరాలను నమ్మకండి. మనిషి రాసినదాన్ని కూడా అవి తప్పుగా గుర్తిస్తాయి. ఒక్క రచనను చూసి తేల్చడం నాకూ సాధ్యం కాదు, అందుకే నేను చరిత్ర చూస్తాను. 2022 నవంబరుకు, అంటే చాట్‌జీపీటీ రాకకు, ముందునుంచీ ఆ మనిషి రాస్తున్నాడా? వ్యాఖ్యలకు జవాబు ఇచ్చేటప్పుడు అదే గొంతు వినబడుతోందా? పాత రచనను తిరగరాసిన ఆనవాళ్లు ఉన్నాయా? రోజుకు ఆరు కథలు ఒకే నునుపుతో దిగుతున్నాయా? కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు చరిత్ర ఉండదు కాబట్టి వాళ్లకు సమయం ఇవ్వండి. అనుమానం వస్తే మౌనంగా వెళ్లిపోండి, బహిరంగంగా నింద వేయకండి. తప్పు నింద పడిన రచయిత మళ్లీ కలం పట్టకపోవచ్చు.

దొరికినదాన్ని పోగొట్టుకోకుండా

అనుసరించు అన్న మీట నొక్కగానే పని అయిపోదు. వేదిక తనకు తోచిన వరసలో చూపిస్తుంది, నెలకొకసారి రాసే మనిషి ఆ వరసలో మునిగిపోతాడు. టంబ్లర్ సెట్టింగుల్లో మంచివి ముందు చూపించే ఎంపికను ఆపేస్తే టపాలు కాలక్రమంలో వస్తాయి. ఇంకా మంచి మార్గం, కొత్త టపా పడగానే దాన్ని మీ దగ్గరికి చేర్చే ఏర్పాటు అయిన ఆర్‌ఎస్‌ఎస్. 2013 జులైలో, అలా వచ్చే టపాలను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడ్డాక చాలామంది దీన్ని మరిచిపోయారు గానీ, అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. ఏదైనా ఫీడ్ రీడరు తెరిచి బ్లాగు చిరునామా ఇవ్వండి, చాలావరకు అదే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే టంబ్లర్ చిరునామా చివర వాలుగీత పెట్టి ఆర్‌ఎస్‌ఎస్ అక్షరాలు, వర్డ్‌ప్రెస్‌కూ సబ్‌స్టాక్‌కూ ఫీడ్ అనే మాట ఇంగ్లిషులో చేర్చండి. ఎవరు ఎప్పుడు రాసినా ఒక్కటీ తప్పిపోదు, మధ్యలో ఎవరి వడపోతా ఉండదు.

జాబితా నలభై దాటనివ్వకండి. కొత్త పేరు చేరితే పాతది ఒకటి తీయండి. నలభై మందిని నిజంగా చదవగలరు, నాలుగు వందల మందిని చదవలేరు.

నచ్చినదాని ప్రతి దాచుకోండి. వేదికలు చచ్చిపోతాయి. జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో మూతపడ్డాయి. టంబ్లర్ 2018 డిసెంబరులో పెద్దలకు మాత్రమే తగిన విషయాలను నిషేధించినప్పుడు, యంత్రం పొరపాటున ఏ దోషమూ లేని బొమ్మలకు కూడా గుర్తు వేసింది, చాలామంది చిత్రకారులు వెళ్లిపోయారు. నేను ఒక కవయిత్రి గద్యకవితలు ఏళ్ల తరబడి చదివాను. ఒక ఉదయం చూస్తే బ్లాగు లేదు. రెండు కవితలు మాత్రం నా నోటుపుస్తకంలో రాసుకున్నందుకు మిగిలాయి. అప్పటినుంచి నచ్చిన టపా చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి భద్రపరుస్తున్నాను. అక్కడ ఆ పుటను దాచమని అడిగే పెట్టె మొదటి పుటలోనే ఉంటుంది. అయితే రచయిత తానే కావాలని తీసేసినదాన్ని మీరు తిరిగి బయట పెట్టకండి. మీ దగ్గరున్న ప్రతి మీరు చదువుకోవడానికే.

రెండు వాక్యాలు రాయండి

ఈ మెట్టును చాలామంది మర్యాద కోసం చేసే పనిగా చూస్తారు. నేను దీన్ని వెతుకులాటలో భాగంగానే చెబుతున్నాను. మౌనంగా చదివి వెళ్లిపోయేవాళ్ల మధ్య రాసే మనిషి ఎన్నాళ్లో నిలవలేడు. అతను ఆపేస్తే మీ జాబితాలో ఒక పేరు పోయినట్టే. ఇష్టం మీట నొక్కి ఊరుకోకుండా రెండు వాక్యాలు రాయండి. ఏ పాదం, ఏ రంగు, ఏ సంభాషణ మిమ్మల్ని ఆపిందో మొదటి వాక్యంలో చెప్పండి. రెండో వాక్యంలో ఒక ప్రశ్న అడగండి: మీరు ఎవరిని చదువుతారు? రీబ్లాగు చేస్తే మూలం పేరు ఉండేలా చేయండి, ట్యాగుల్లో విషయం రాయండి, రేపు మీలాంటి ఇంకొకరు ఆ ట్యాగు పట్టుకుని వస్తారు.

పోయిన చలికాలంలో, తొమ్మిది హృదయాలున్న ఒక కథ కింద నేను ఆ ప్రశ్నే అడిగాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. అందులో మూడు బ్లాగుల చిరునామాలు, ఒక్కోదాని పక్కన "ముందు ఇది చదవండి" అని ఒక్కో టపా పేరు ఉన్నాయి. మూడింటిలో రెండు నా నలభైలో చేరాయి. వాటికి చోటు ఇవ్వడానికి, ఎన్నో వేలమంది అనుసరించే రెండు పెద్ద పేర్లను తీసేశాను.